గ్యాసు కర్మాగారం నేలను పార్కుగా మార్చాలంటే

నమస్కారం. మూతపడిన కర్మాగారం స్థలం పురపాలక సంఘం చేతికి వస్తే పని ఎక్కడ మొదలుపెట్టాలి? సియాటిల్‌లోని గ్యాస్ వర్క్స్ పార్కు ఉదాహరణతో చూద్దాం. ఆ ఊళ్లోని మన తెలుగువాళ్లకు గాలిపటాలు ఎగరేసే గుట్టగా అది పరిచయమే. ఆ గుట్ట లోపల ఏముందో చివర్లో చెబుతాను.

తెర మీద కనిపిస్తున్నది యూనియన్ సరస్సు ఉత్తరపు ఒడ్డు. 1906 నుంచి 1956 వరకు ఇక్కడ మొదట బొగ్గు నుంచి, తరువాత నూనె నుంచి గ్యాసు తీశారు. సహజవాయువు పైపుల్లో రావడంతో కర్మాగారం మూతపడింది. 1962లో నగరం ఆ స్థలాన్ని కొన్నది.

గడ్డపార పట్టేముందు కాగితాలు పట్టండి. అమెరికాలో అగ్ని బీమా సంస్థల కోసం గీసిన సాన్‌బోర్న్ పటాలు ఉంటాయి. ఏ షెడ్డు, ఏ ట్యాంకు ఎక్కడ ఉండేదో వాటిలో దొరుకుతుంది. పాత పటాన్ని నేటి పటం మీద పరిచి, తారు నిలవచేసిన చోటును, గ్యాసును శుద్ధి చేసిన చోటును గుర్తుపెట్టుకోండి. గ్యాసు కర్మాగారాల్లో శుద్ధికి వాడి పారేసిన చెత్తలో సయనైడు ఇనుముతో కలిసి ఉంటుంది. మట్టి నీలంగా కనిపిస్తే అనుమానించాల్సిందే.

ఇప్పుడు నమూనాలు. స్థలమంతా గళ్లుగా విభజించి తీయండి, అనుమానం ఉన్నచోట ఇంకా దగ్గర దగ్గరగా తీయండి. ఎక్కువమంది పొరపడేది ఇక్కడే: నాలుగు చోట్ల మట్టిని బకెట్లో కలిపి ఒకే నమూనా పంపుతారు. కలుపుతుండగానే బెంజీన్ అనే, ఇట్టే ఆవిరయ్యే విషద్రవం గాలిలో కలిసిపోతుంది, నివేదిక శుభ్రంగా వస్తుంది! ప్రతి నమూనాను వెంటనే సీసాలో బిగించి, మంచు పెట్టెలో ఉంచండి. భూగర్భజలాన్ని సీసా అంచుదాకా నింపండి, బుడగ కూడా మిగలకూడదు.

బెంజీన్ నీటిలో కరిగి కదులుతుంది, ఆవిరవుతుంది. తారులోని బరువైన రసాయనాలు మట్టినే అంటిపెట్టుకుంటాయి. అందుకే రెండింటికీ ఒకే వైద్యం కుదరదు. పార్కు రూపశిల్పి రిచర్డ్ హాగ్ మురుగునీటి శుద్ధిలో మిగిలే బురదను, రంపపుపొట్టును మట్టిలో కలిపి దున్నించారు. సూక్ష్మజీవులు నూనెను తింటాయన్నది ఆయన నమ్మకం. తేలికైనవాటిని తింటాయి, నిజమే. బరువైనవాటి దగ్గర పళ్లు ఆనవు. పార్కు 1975లో తెరుచుకుంది. 1984లో మట్టి పరీక్షల ఫలితాలు చూసి కొంతకాలం మూశారు, తరువాత శుభ్రమైన మట్టి కప్పారు. ఆగ్నేయ భాగంలో బెంజీన్ కోసం భూగర్భజలంలోకి గాలి పంపి, పైకి వచ్చిన ఆవిరిని పీల్చి తీశారు. తుప్పు పట్టిన గోపురాలను కూల్చకుండా ఉంచడం మాత్రం హాగ్ చేసిన గొప్ప పని అంటాను.

ఒక ప్రశ్న అడుగుతూ ఉండండి: విషం మనిషిని చేరే దారి ఏది? పిల్లవాడు మట్టి చేతిని నోట్లో పెట్టుకోవడం ఒక దారి. దాన్ని శుభ్రమైన మట్టి పొర ఆపుతుంది. నీటిలో దిగితే అడుగు బురద తగలడం ఇంకో దారి. అందుకే ఆ ఒడ్డున సరస్సులోకి దిగవద్దన్న బోర్డులు.

ఇక ఆ గుట్ట. కూల్చిన కట్టడాల శిథిలాలను, తవ్విన మట్టిని అక్కడే పోగుచేసి, పైన కొత్త మట్టి పరిచారు. వానకు ఆ పై మట్టి కొట్టుకుపోతే దారి మళ్లీ తెరుచుకున్నట్టే. అందుకే ఆ పై మట్టి పొర మందాన్ని ఏటా కొలిచి చూసే ఖర్చును మీ పురపాలక బడ్జెట్లో శాశ్వత పద్దుగా రాయించండి, పార్కు ప్రారంభోత్సవానికి ముందే.