పాలపీక ఇవ్వొచ్చా? ముందు బిడ్డ వయసు చెప్పండి

[దృశ్యం: రాత్రి. ఉయ్యాలలో పసిబిడ్డ ఏడుపు]

పాలు పట్టి అరగంట కాలేదు, పాప మళ్లీ ఏడుపు. “ఆ పీక నోట్లో పెట్టవే, ఊరుకుంటుంది” అని పక్క గదిలోంచి అత్తగారు. పాలు రాని, ఊరికే చీకే ఈ పీక (పాసిఫయర్) పెట్టొచ్చా? పాపకు ఎన్ని రోజులో చెప్తే నేను జవాబు చెప్తాను.

తల్లిపాలు తాగే బిడ్డయితే మొదటి మూడు నాలుగు వారాలు ఆగండి. ఆ రోజుల్లో పిల్లలు రోజుకు 8 నుంచి 12 సార్లు పాలు తాగుతారు. బిడ్డ ఎంత చీకితే తల్లికి అంత పాలు పడతాయి. ఆకలితో ఉన్న నోట్లో పీక పెడితే ఏడుపైతే ఆగుతుంది, కడుపులోకి ఏమీ పోదు. తల్లికి పాలూ తగ్గుతాయి.

[దృశ్యం: గుప్పిట నోట్లో పెట్టుకుంటున్న పాప]

ఇదిగో, ఆకలంటే ఇది. ఏడుపు దీని తర్వాత వస్తుంది.

పాలు బాగా పడి, బిడ్డ బరువు పెరుగుతుంటే, పడుకోబెట్టేటప్పుడు పీక ఇవ్వొచ్చు. పసిపిల్లలు నిద్రలోనే హఠాత్తుగా చనిపోయే ముప్పు దీనివల్ల తగ్గుతుందని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతోంది. బిడ్డను వెల్లకిలానే పడుకోబెట్టాలి. నిద్రలో పీక జారిపోతే మళ్లీ పెట్టక్కర్లేదు. వద్దని ఉమ్మేస్తే బలవంతం చేయకండి.

[దృశ్యం: తేనె సీసా మీద ఎర్రటి అడ్డగీత]

పీకను తేనెలో ముంచి ఇచ్చే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఏడాది నిండేదాకా తేనె చుక్క కూడా వద్దు. అందులో ఉండే ఒక రకం బ్యాక్టీరియా బీజాలు మామూలుగా మరిగించినా చావవు. పసి పేగుల్లో అవి మొలిచి విషం తయారుచేస్తాయి. మలబద్ధకం, నీరసమైన ఏడుపు, మెడ వాలిపోవడం కనిపిస్తాయి. 2018లో అమెరికాలోని టెక్సాస్‌లో తేనె నింపిన పీకలు చీకిన నలుగురు పసివాళ్లు ఇలాగే ఆసుపత్రి పాలయ్యారు.

పీకకు దారం కట్టి మెడలో వేయడం నాకు అంతకన్నా భయం. నిద్రలో అదే ఉరి కావచ్చు. పాల సీసా పీకలో దూది కుక్కి ఇవ్వడమూ వద్దు, ఊడొస్తే గొంతుకు అడ్డం పడుతుంది. విడిభాగాల్లేని ఒకే ముక్క పీక, నోటికన్నా వెడల్పుగా, గాలి రంధ్రాలున్న అంచుతో కొనండి.

ఆరు నెలలు దాటాక కూడా రోజంతా నోట్లోనే ఉంటే చెవి ఇన్ఫెక్షన్లు పెరుగుతాయి. రెండు మూడేళ్లొచ్చినా మానకపోతే పై పళ్లు, కింది పళ్లు కలవకుండా ఎడం రావచ్చు. మాన్పించడానికి వేపరసం పూయకండి, పాపం. ముందు పగటిపూట మాన్పించండి. నిద్రవేళ పీక సంగతి ఆ తర్వాత చూడొచ్చు.