పునాది తవ్వకముందే కంప్యూటర్‌లో కట్టి చూద్దాం

[స్క్రీన్‌పై: తిరుపతి, రేణిగుంట రోడ్డు పక్కన సెంట్రింగ్ కొట్టిన బిల్డింగ్]

నమస్కారం. తిరుపతిలో ఏ వీధికెళ్లినా ఏదో ఒక మిద్దె లేస్తూనే ఉంటుంది. లాడ్జీలు, హాస్టళ్లు, అపార్ట్‌మెంట్లు. వాటి ముందు ఓసారి ఆగి చూడండి: ముక్కలైన ఇటుకలు, గడ్డకట్టిన సిమెంట్, తుక్కు కింద పడేసిన కడ్డీలు. ఈ వృథాలో కొంత పని మొదలుకాకముందే ఆపొచ్చు. దానికి దారి బిమ్, అంటే బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడలింగ్.

చాలామంది దీన్ని త్రీడీ బొమ్మ అనుకుంటారు. బొమ్మలో గోడకు ఆకారమే ఉంటుంది. బిమ్ మోడల్‌లో గోడ మీద నొక్కితే ఏ ఇటుక, ఎంత మందం, ఎంత వేడి లోపలికి వస్తుంది, అన్నీ తెలుస్తాయి. గోడను అర అడుగు జరిపితే ప్లానూ, ఇటుకల లెక్కా దాంతోపాటే మారతాయి.

[స్క్రీన్‌పై: బీమ్‌లోంచి పోతున్న పైపు, ఎర్ర రంగులో]

ఇది చూడండి. బాత్‌రూమ్ నుంచి దిగే నాలుగంగుళాల పైపు నేరుగా బీమ్‌లోంచి, అంటే కాంక్రీట్ దూలంలోంచి పోతోంది. స్ట్రక్చర్ డ్రాయింగ్ ఒకరిది, ప్లంబింగ్ డ్రాయింగ్ ఇంకొకరిది. విడివిడి కాగితాల మీద ఇది కంటపడటం కష్టం. కాంక్రీట్ పోశాక తెలిస్తే దానికి బొక్క కొట్టే కోర్ కటింగ్ మెషిన్ రావాలి. కడ్డీ తెగితే బీమ్ బలమే పోతుంది. ఇక్కడైతే మౌస్‌తో పైపు జరిపితే చాలు.

ఇక స్టీల్. కడ్డీ మామూలుగా 12 మీటర్ల పొడవు వస్తుంది. 3.7 మీటర్ల ముక్కలు కావాలంటే మూడే వస్తాయి, 90 సెంటీమీటర్లు మిగులుతుంది. మోడల్‌లోంచి కటింగ్ లిస్ట్ తీస్తే ఆ 90 సెంటీమీటర్లు ఎక్కడ పనికొస్తాయో కడ్డీ మేస్త్రీకి ముందే చెప్పొచ్చు. సిమెంట్ వల్ల గాలికి జరిగే చెరుపునూ ఇలాగే లెక్కేయొచ్చు. సున్నపురాయిని కాల్చినప్పుడు ఆ రాయిలోంచే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, ఇంధనం పొగ అదనం. ఫ్లైయాష్, అంటే బొగ్గు బూడిద కలిసిన పీపీసీ సిమెంట్ వాడితే అది ఎంత తగ్గుతుందో మోడల్‌లోని పరిమాణాలతోనే లెక్క కట్టొచ్చు.

[స్క్రీన్‌పై: మోడల్ మీద కదులుతున్న ఎండ]

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఎండ లెక్క. మనం 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉన్నాం. ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు మధ్య దాకా మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. దెబ్బంతా మిద్దె పైకప్పు మీద, సాయంత్రమైతే పడమటి గోడ మీద. గోడలు, కిటికీల గుండా వచ్చే వేడి సగటున చదరపు మీటరుకు 15 వాట్లు దాటకూడదని మన వేడి ప్రాంతాలకు ఎకో నివాస్ సంహిత 2018, అంటే ఇళ్లలో కరెంటు ఆదా కోసం కేంద్రం తెచ్చిన నియమావళి, చెబుతోంది. పడమటి కిటికీకి సన్‌షేడ్ పెంచి, ఆ అంకె ఎంత దిగిందో వెంటనే చూడొచ్చు. ఏసీ బిల్లు తేలేది ఇక్కడే.

వాన కూడా అంతే. 200 చదరపు మీటర్ల మిద్దె మీద 100 మిల్లీమీటర్ల వాన అంటే 20,000 లీటర్లు. 2021 నవంబర్ వరద చూసిన ఊరికి ఆ నీళ్లు ఎటు పోతాయో ముందే తెలియాలి కదా.

ఒక షరతు. సైట్‌లో మేస్త్రీ పైపు మార్చితే ఆ రోజే మోడల్‌లోనూ మార్చాలి. లేదంటే అది పాత ఫోటో అయిపోతుంది. చిన్న ఇంటికి ఇంత హంగామా అక్కర్లేదు, నాలుగంతస్తులు దాటితే మాత్రం తప్పకుండా అడగండి. పని అయ్యాక మోడల్‌ను ఐఎఫ్‌సీ ఫార్మాట్‌లో మీ చేతికివ్వాలని అగ్రిమెంట్‌లోనే రాయించుకోండి. అప్పుడు పదేళ్ల తర్వాత రిపేరుకు వచ్చిన ఇంజనీర్ వేరే సాఫ్ట్‌వేర్ వాడినా దాన్ని తెరవగలడు.