కట్టర్ మిషన్ కొంటున్నారా? ముందు బోర్లించి బేస్ ప్లేటు చూడండి

నమస్తే అండీ. తిరుపతిలో మా ఇంటి మిద్దె మీద నుంచి ఈ వీడియో. ఇదిగో, ఈ సర్క్యులర్ సా, అంటే గుండ్రటి బ్లేడుతో చెక్క కోసే కట్టర్ మిషన్, కంపెనీ వాళ్లు ఫ్రీగా పంపారు. వీడియోకి డబ్బులేమీ తీసుకోలేదు. వాట్స్, ఆర్‌పీఎం మీరు ఈపాటికి చూసే ఉంటారు, వాటి జోలికి వెళ్లను. పక్కనున్నది రెండేళ్ల కిందట నేను కొనుక్కున్న ప్రొఫెషనల్ మిషన్. ధర దీనికి దాదాపు మూడింతలు. రెండిటికీ ఒకే రకం బ్లేడు వేశాను, 185 మిల్లీమీటర్లు, 40 పళ్లది. కాబట్టి కోతలో తేడా వస్తే తప్పు బ్లేడుది కాదు.

మోటారు బాగుంది, ఆ మాట ఒప్పుకోవాలి. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌ని ఎక్కడా మూలగకుండా కోసేసింది. కానీ అమ్మకు పూజా మందిరం చేస్తున్నాను కదా, పక్క చెక్కలు నిలబెట్టి చూస్తే మూల దగ్గర సందు. కెమెరా దగ్గరికి తెస్తాను. పోస్టు కార్డు దూరిపోతోంది, చూశారా?

దీన్ని పట్టుకోవడం తేలిక. ముక్కని రెండుగా కోసి, ఒకదాన్ని తిరగేసి, కోసిన అంచుకి అంచు ఆనించండి. కోత నిటారుగా పడితే సందు ఉండదు. ఒక్క డిగ్రీ వాలినా 18 మిల్లీమీటర్ల మందంలో 0.3 మిల్లీమీటర్ల తేడా వస్తుంది, తిరగేసి పెడితే రెట్టింపై 0.6 కనిపిస్తుంది.

కారణం ఈ బేస్ ప్లేటు, అంటే కోసేటప్పుడు చెక్క మీద ఆనే అడుగు పలక. పల్చటి రేకుని అచ్చు కొట్టి చేశారు. వాలు కొలిచే స్కేలు మీద సున్నా చూపిస్తుంది, ప్లేటుకీ బ్లేడుకీ మూలమట్టం ఆనిస్తే వెలుతురు కనిపిస్తుంది. సరిచేసి గట్టిగా బిగించాను. నాలుగు కోతలకే మళ్లీ వాలింది. బొటనవేలితో నొక్కితే వంగే ప్లేటు ఎలా నిలుస్తుందండీ? నాకు నిజంగా కోపం వచ్చింది. మోటారుకి పెట్టిన శ్రద్ధలో సగం దీనికి పెట్టి ఉంటే చాలు! నా పాతదానికి పోత పోసిన అల్యూమినియం ప్లేటు. రెండేళ్లలో ఒక్కసారి కూడా మళ్లీ సెట్ చేయలేదు.

ఈ సంగతి నాకు నేర్పింది మాధవమాలలో ఒక పెద్దాయన. ఏర్పేడు దగ్గర, చెక్కతో దేవుడి విగ్రహాలు చెక్కే ఊరు అది. అప్పట్లో నా దగ్గరున్న చవక మిషన్ చూపిస్తే ఆయన స్విచ్చి కూడా నొక్కలేదు. బోర్లించి, ఒక కన్ను మూసి, ప్లేటు అంచు వెంబడి చూశారు. "రేకు వంగింది నాయనా, చక్రం ఎంత తిరిగితే ఏం లాభం?" అన్నారు.

అంతకుముందు నేను కూడా అందరిలాగే 4 అంగుళాల మార్బుల్ కట్టర్‌కి చెక్క బ్లేడు వేసి వాడాను. దయచేసి ఆ పని చేయకండి. అది నిమిషానికి దాదాపు 12 వేల చుట్లు తిరుగుతుంది, కింద వాటంతటదే మూసుకునే గార్డు ఉండదు. ఒకరోజు ముక్క బ్లేడుని పట్టేసి మిషన్ నా మీదికి తన్నింది. చెయ్యి దక్కింది, అదే అదృష్టం.

మరి ఏది కొనాలి? డ్రిల్లు, చెక్కని నునుపు చేసే శాండర్ చవకవి తీసుకోండి, ఇంటి పనికి సరిపోతాయి. శాండర్ ఒక వెంట్రుక వాసి అటూ ఇటూ అయినా చెక్క క్షమిస్తుంది, కోత క్షమించదు. కట్టర్ మాత్రం ఆరు నెలలు ఆగైనా ప్రొఫెషనల్‌దే కొనండి. బాష్‌లో అయితే నీలం రంగువి ప్రొఫెషనల్, ఆకుపచ్చవి ఇంటి వాడకానికి. ఏ కంపెనీదైనా షాపుకి మూలమట్టం పట్టుకెళ్లండి, మొహమాటపడకండి.

ఈ ఫ్రీ మిషన్ నేను కొనమని చెప్పను. మందిరం పక్క చెక్కలు రెండూ రేపు పాతదానితో మళ్లీ కోస్తాను. షీటులో అంత ముక్క ఇంకా మిగిలే ఉంది.