దేగ్, తేగ్: సిక్కు చరిత్రలో సాధువు, సిపాయి

అందరికీ నమస్కారం.

గోదావరి కందకుర్తి దగ్గర మన తెలంగాణలోకి వస్తుంది. అంతకుముందే, ఎగువన నాందేడ్ మీదుగా పారి వస్తుంది. సిక్కుల పదో గురువు గోవింద్ సింగ్ 1708లో కన్నుమూసింది ఆ ఊళ్లోనే. ఈ రోజు నేను చెప్పబోయేది పంజాబ్ చరిత్రే అయినా, అందులో ఒక పెద్ద మలుపు తిరిగింది మన గోదావరి ఒడ్డునే.

"నానక్ శాంతి నేర్పారు, గోవింద్ సింగ్ కత్తి పట్టించారు, దాంతో మతమే మారిపోయింది" అని చాలామంది అంటారు. కాలేజీ రోజుల్లో నేనూ అలాగే అనుకునేవాణ్ణి. చదివిన కొద్దీ ఆ అభిప్రాయం నిలబడలేదు. సిక్కులు 'సంత్ సిపాహీ' అంటారు. పొద్దున సాధువు, సాయంత్రం సిపాయి అని కాదు దాని అర్థం. కత్తి ఎత్తిన క్షణంలో కూడా లోపల సాధువు మేలుకునే ఉండాలి. ఇది ఎంత కష్టమో ఆలోచించండి.

1606లో ఐదో గురువు అర్జన్ దేవ్‌ను లాహోర్‌లో చిత్రహింసలు పెట్టి చంపారు. ఆయన కొడుకు హరగోవింద్ రెండు కత్తులు ధరించారు. ఒకటి మీరీ, అంటే లౌకిక అధికారం. రెండోది పీరీ, ఆధ్యాత్మిక అధికారం. అమృత్‌సర్‌లో హర్‌మందిర్, అంటే స్వర్ణ దేవాలయం ఎదురుగా, సిక్కుల అధికార పీఠమైన అకాల్ తఖ్త్ వెలిసింది అప్పుడే. తొమ్మిదో గురువు పేరు తేగ్ బహదూర్, అంటే కత్తి పట్టిన వీరుడని. ఆ పేరున్న మనిషి 1675లో, ఇతరుల మత స్వేచ్ఛ కోసం, కత్తి దూయకుండా ఢిల్లీ చాందినీ చౌక్‌లో తల ఇచ్చారు. 1699 వైశాఖి పండుగ నాడు ఆనంద్‌పూర్‌లో ఖాల్సా, అంటే దీక్ష తీసుకున్న సిక్కుల సమాజం పుట్టింది. గురువు గోవింద్ సింగ్ తల అడిగితే ఇస్తామని ముందుకొచ్చిన ఐదుగురిలో సాహిబ్ సింగ్ మన జహీరాబాద్ దాటగానే వచ్చే బీదర్ వాడు, మంగలి కులస్థుడు.

ఇక నాకు ఎంతో ఇష్టమైన మనిషి దగ్గరికి వస్తాను. ఆయన పేరు భాయి కన్హయ్య. 1704 ప్రాంతంలో మొఘల్ సైన్యం, కొండ రాజులు కలిసి ఆనంద్‌పూర్‌ను ముట్టడించారు. కోటలో తిండి లేదు, నీళ్లకు కటకట. ఆ యుద్ధంలో ఈయన భుజాన తోలుతిత్తి వేసుకుని, పడిపోయిన వాళ్ల మధ్య తిరుగుతూ నోట్లో నీళ్లు పోసేవాడు. మనవాడా, పగవాడా అని చూసేవాడు కాదు. సిక్కు యోధులకు ఒళ్లు మండింది. మండదా మరి? పొద్దంతా పోరాడి పడగొట్టిన వాణ్ణి ఈయన లేపి కూర్చోబెడుతున్నాడు! గురువు దగ్గరికి వెళ్లి ఫిర్యాదు చేశారు.

గురువు పిలిచి అడిగారు. నాకు అందరి ముఖాల్లోనూ మీరే కనిపిస్తున్నారన్నాడు కన్హయ్య. అప్పుడు గోవింద్ సింగ్ మందు డబ్బా తెప్పించి ఆయన చేతికిచ్చారని, నీళ్లతో పాటు గాయాలకు మందు కూడా రాయమన్నారని సిక్కు సంప్రదాయం చెబుతుంది. ఆ ముట్టడిలో నడుం బిగించి యుద్ధం నడిపిస్తున్నది ఆ గురువే. యుద్ధం ఆగలేదు, తిత్తీ ఆగలేదు.

ఇప్పుడు నాందేడ్‌కి రండి. అక్కడ మాధో దాస్ అనే బైరాగి ఆశ్రమం ఉండేది. చిన్నప్పుడు వేటగాడు. ఒకసారి ఆడ జింకను కొడితే దాని కడుపులో పిల్లలు కళ్ల ముందే చచ్చిపోయాయని, ఆ రోజుతో విల్లు పారేసి సన్యాసి అయ్యాడని చెబుతారు. 1708లో గురువును కలిశాక, నేను మీ బందాను, అంటే బానిసను అన్నాడట. గురువు ఆయన చేతిలో ఐదు బాణాలు పెట్టి పంజాబ్ పంపారు. జింక కోసం విల్లు వదిలిన చేతికి మళ్లీ బాణాలు. నన్ను కదిలించేది ఈ ఘట్టమే. ఆయనే బందా సింగ్ బహదూర్.

1710లో ఆయన పంజాబ్‌లోని సర్‌హింద్‌ను గెలిచాడు. పదేళ్లు కూడా నిండని గురువు కొడుకులిద్దర్ని గోడలో పెట్టి చంపించిన మొఘల్ ఫౌజ్‌దార్ (సైనికాధికారి) వజీర్ ఖాన్ ఊరు అది. దున్నేవాడికే భూమి ఇచ్చాడు, గురువుల పేరిట నాణేలు వేయించాడు. ఒక మాట దాచకుండా చెప్పాలి. సర్‌హింద్, సమానా పట్టణాల్లో ప్రతీకారం, దోపిడీ, ఘోరమైన రక్తపాతం జరిగాయి. సాధువు నిద్రపోతే సిపాయి ఏం చేస్తాడో అక్కడ కనిపిస్తుంది. మరోవైపు, ఆ పిల్లల్ని చంపొద్దని దర్బారులో గొంతెత్తిన మాలేర్‌కోట్లా నవాబు షేర్ మహమ్మద్ ఖాన్ ఊరిని సిక్కులు ముట్టలేదు. 1947లో పంజాబంతా తగలబడుతున్నప్పుడు కూడా మాలేర్‌కోట్లా ప్రశాంతంగానే ఉంది.

1716లో బందాతో పాటు వందలమంది సిక్కులను ఢిల్లీలో చంపారు. మతం మార్చుకుంటే ప్రాణం దక్కేది. అలా మారినవాడు ఒక్కడూ కనిపించలేదని అక్కడున్న ఈస్టిండియా కంపెనీ దూతలు ఉత్తరంలో రాశారు.

సిక్కుల ప్రార్థనలో 'దేగ్ తేగ్ ఫతే' అని వస్తుంది. బందా కాలం నాటి ముద్ర మీద కూడా ఆ మాటలున్నాయి. ఫతే అంటే గెలుపు. తేగ్ అంటే కత్తి. దేగ్ అంటే లంగర్‌లో, అంటే గురుద్వారాలో అందరికీ ఉచితంగా భోజనం పెట్టే చోట, వంట చేసే పెద్ద పాత్ర. మన పెళ్లిళ్లలో బిర్యానీ వండే డేగిశా ఉంది చూడండి, అది ఈ మాటకు చుట్టమే. గెలుపు కోరేటప్పుడు ముందు చెప్పేది వంటపాత్ర, తర్వాతే కత్తి. ఈ వరుస చూసినప్పుడల్లా నాకు కన్హయ్యే గుర్తొస్తాడు.

రెండేళ్ల కిందట నాందేడ్ వెళ్లాను. లంగర్‌లో నేల మీద వరుసగా కూర్చున్నాం. నీలం తలపాగా, నడుముకి సిక్కులు ధరించే కత్తి కిర్పాన్, చేతిలో రొట్టెల బుట్టతో ఒక పెద్దాయన వచ్చాడు. నేను అలవాటుగా కంచం ముందుకు జరిపాను. ఆయన ఆగి, నిజామాబాద్ యాసలో తెలుగులో అన్నాడు: "రెండు చేతులు పట్టు తమ్మీ." మహారాజా రంజిత్ సింగ్ కాలంలో నిజాం రాజ్యానికి పంపిన సిక్కు సైనికుల వంశాలు ఇంకా మన మధ్య ఉన్నాయి. వాళ్లలో చాలామంది ఇంట్లో, బజార్లో మన మాటే మాట్లాడతారు. నేను కంచం వదిలి రెండు చేతులూ చాచాను. ఆయన నడుం వంచినప్పుడు కిర్పాన్ ఒర నా మోకాలికి తగిలింది. ఒర వెనక్కి సర్దుకుని, రెండు రొట్టెలు నా చేతుల్లో పెట్టి, పక్కవాడి దగ్గరికి వెళ్లాడు.