ముందు గడ్డి, తర్వాత నత్త, చివర్లో చేప

అందరికీ నమస్కారం. ఉప్పునీటి అక్వేరియం పెట్టాలనుకునేవాళ్లు నన్ను మొట్టమొదట అడిగేది, "ఏ చేపలు వేయమంటారండీ?" అని. తనంతట తాను నడిచే తొట్టి కావాలంటే ఆ ప్రశ్న అన్నిటికన్నా చివర రావాలి. ఈ రోజు ఆ వరస గురించే మాట్లాడతాను.

చేప తిన్న మేతలోని నైట్రోజన్‌లో చాలా భాగం అమ్మోనియాగా నీళ్లలోకే వస్తుంది. రాళ్లలో, ఇసుకలో ఉండే బ్యాక్టీరియా దాన్ని నైట్రైటుగా, తర్వాత నైట్రేటుగా మారుస్తుంది. ఆ బ్యాక్టీరియా కుదురుకోవడానికే నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆపైన పోగయ్యే నైట్రేటును ఎవరు తినాలి? మామూలు తొట్టిలో అయితే నీళ్లు మార్చి పారబోస్తాం. మన తొట్టిలో ఆ పని మొక్కలది.

నాకు ఎంతో ఇష్టమైనది సముద్రపు గడ్డి. ఇది నాచు కాదు. వేళ్లూ, ఆకులూ, పూలూ ఉన్న అసలైన మొక్క. పాక్ జలసంధిలో దీని మైదానాలే ఉన్నాయి, ఆవు మేసినట్టు డుగాంగ్ అనే పెద్ద సముద్ర క్షీరదం దీన్ని మేస్తుంది. దీనికి నాలుగు నుంచి ఆరు అంగుళాల మందాన సన్నటి ఇసుక కావాలి. ఆ ఇసుక అడుగున ఆక్సిజన్ అందని చోట వేరే రకం బ్యాక్టీరియా చేరి, నైట్రేటును నైట్రోజన్ వాయువుగా మార్చేస్తుంది. అందుకే ఆ ఇసుకను ఎప్పుడూ కెలకొద్దు. నాటిన కొత్తలో గడ్డి పాత ఆకులు రాల్చేసుకుంటుంది, చచ్చిపోయిందని పీకేయకండి.

నాచుల్లో చేటోమార్ఫా నమ్మకమైనది. కాలెర్పా చూడ్డానికి అందంగా ఉంటుంది కానీ జాగ్రత్త. ఒక్కోసారి రాత్రికి రాత్రే తన లోపలి సారమంతా నీళ్లలోకి వదిలేస్తుంది. పొద్దున లేచి చూస్తే నీళ్లు కలకబారి, నాచు రంగులేని గొట్టాల్లా మిగులుతుంది. ఆక్సిజన్ తగ్గి మిగతా ప్రాణులకూ ముప్పే.

ఇక ఉప్పు. దీని దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే నేను దెబ్బతిన్నది ఇక్కడే. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. వేసవిలో నా తొట్టిలో నీళ్లు తగ్గితే, ఉప్పునీళ్ల తొట్టి కదా అని ఉప్పు కలిపిన నీళ్లే పోస్తూ వచ్చాను. కొన్ని వారాలకు నత్తలు మూత బిగించుకుని అడుగున పడిపోయాయి. నౌపడ ఉప్పుమళ్లలో జరిగేదే నా హాల్లోనూ జరిగింది: నీరు ఆవిరైంది, ఉప్పు మిగిలింది. 150 లీటర్లలో 15 లీటర్లు ఆవిరైతే 35 కాస్తా 39 దాకా పోతుంది. దాని మీద నేను ఇంకా ఉప్పు పోశాను. ఆ నత్తల్లో చాలావాటిని కాపాడుకోలేకపోయాను, ఆ బాధ ఇప్పటికీ ఉంది. తగ్గిన నీటికి బదులు ఉప్పు లేని ఆర్ఓ నీళ్లే పోయండి, అదీ రోజూ కొంచెం కొంచెంగా. గాజు మీద గీత పెట్టుకుంటే సులువు.

మొక్కలు కొత్త చిగుళ్లు వేశాకే నత్తలు, కోపీపాడ్లు. కోపీపాడ్లు అంటే కంటికి చుక్కల్లా కనబడే చిన్న ప్రాణులు. రాత్రి టార్చి వేసి చూడండి, గాజు మీద పాకుతూ కనబడితే తొట్టి నిలదొక్కుకున్నట్టే. చేప లేకుండా ఇక్కడితో ఆగినా అది పూర్తి తొట్టే. చేప కావాలంటే ఇంకో ఆరు నెలలు ఆగి, గోబీ అనే వేలెడంత చేప ఒకటో రెండో వేయండి. అప్పుడు మేత వేయాలి. వేసిన మేతకు తగ్గట్టు పెరిగిన నాచును కత్తిరించి బయటికి తీయాలి.

అమెరికాలోని అరిజోనాలో, తనంతట తాను నడవాలని కట్టిన బయోస్ఫియర్ 2 అనే గాజు భవనంలో చిన్న సముద్రాన్నే పెట్టారు. 1991లో ఎనిమిది మంది లోపలికి వెళ్లి తలుపులు మూసుకుంటే, 16 నెలల్లో గాలిలో ఆక్సిజన్ 14.5 శాతానికి పడిపోయింది. బయటి నుంచి ఎక్కించాల్సి వచ్చింది. కాబట్టి వెలుతురు, మంచినీళ్లు, కత్తెర మాత్రం మన చేతిలోనే ఉంచుకుందాం.

ఒక్క మనవి. బీచ్‌కి వెళ్లి పగడాలు, సముద్రపు గుర్రాలు, సీ కుకుంబర్లు (దోసకాయల్లా ఉండే సముద్రపు ప్రాణులు) తేకండి, అవి వన్యప్రాణి చట్టం కింద రక్షణలో ఉన్నాయి.

ఈ డబ్బాలో చేటోమార్ఫా తెచ్చాను, పచ్చ నైలాను దారం చిక్కుపడ్డట్టు ఉంటుంది. తొట్టి సిద్ధంగా ఉన్నవాళ్లు తలా పిడికెడు తీసుకెళ్లండి. సంచుల్లో ఈ నీళ్లే పోసిస్తాను.