గాలికి ముందు ఎదురయ్యేది మీరే

అందరికీ నమస్కారం.

ఈ వేదిక మీద రెండు సైకిళ్లు నిలబెట్టాను. ఎడమవైపున ఉన్నది మామూలు రోడ్ బైక్. దాని హ్యాండిల్‌కు ఏరో బార్లు, అంటే మోచేతులు ఆనించే ప్యాడ్లతో ముందుకు పొడుచుకొచ్చే కడ్డీలు, విడిగా బిగించాను. కుడివైపున ఉన్నది ట్రయాథ్లాన్ కోసమే, అంటే ఈత, సైకిల్, పరుగు మూడూ వరుసగా సాగే పోటీ కోసమే తయారైన కార్బన్ సైకిల్. ఇందాక లోపలికి వస్తూ మీలో చాలామంది కుడివైపు సైకిల్ దగ్గరే ఆగారు. ఫ్రేమును వేలితో తట్టారు, ఒక చేత్తో ఎత్తి బరువు చూశారు, ధర అడిగారు. దాని మీదకు ఎక్కి ఆ రెండు ప్యాడ్ల మీద మోచేతులు ఆనించి చూసినవారు మాత్రం ఒక్కరూ లేరు. ఈ సాయంత్రం నేను చెప్పబోయేదంతా ఆ మోచేతుల గురించే.

మీలో ఎక్కువమంది గోవా హాఫ్ ఐరన్‌మ్యాన్‌కు సిద్ధమవుతున్నారని నిర్వాహకులు చెప్పారు. 2019 అక్టోబరులో మీరామార్ తీరాన మొదలైన పోటీ అది. సముద్రంలో 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిల్, చివర 21.1 కిలోమీటర్ల పరుగు. ఇందులో ముందున్న సైకిల్ వెనక నక్కి గాలి తప్పించుకోవడం నిషిద్ధం. ఎవరి గాలిని వారే చీల్చుకుంటూ పోవాలి. ట్రయాథ్లాన్ సైకిల్ పుట్టిందే ఈ నియమం వల్ల. 2000లో సిడ్నీలో మొదలైన ఒలింపిక్ ట్రయాథ్లాన్‌లో గుంపుగా తొక్కనిస్తారు కాబట్టి అక్కడ వంపు హ్యాండిల్ ఉన్న రోడ్ బైకులే వాడతారు. మీ పిల్లల్లో ఎవరైనా ఆ దారిలో వెళ్లాలనుకుంటే వాళ్లకు మంచి రోడ్ బైక్ కొనిపెట్టండి. కుడివైపు సైకిల్‌ను ఆ పోటీల్లోకి రానివ్వరు.

ఇక గాలి సంగతి. వేగం రెట్టింపైతే గాలి వెనక్కి నెట్టే బలం నాలుగు రెట్లవుతుంది. ఆ బలాన్ని రెట్టింపు వేగంతో దాటుకుపోవాలి కాబట్టి కాళ్ల నుంచి రావలసిన శక్తి ఎనిమిది రెట్లవుతుంది. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో కూరగాయలు తెచ్చుకునేటప్పుడు గాలి ఉన్నట్టే తెలియదు. 30 దాటిందంటే, చదును దారిలో మన కష్టంలో ఎక్కువ భాగం గాలికే పోతుంది. ఆ గాలికి అడ్డు నిలిచేదాంట్లో దాదాపు నాలుగింట మూడు వంతులు మనిషి శరీరమే. భుజాలు, ఛాతీ, తల, తొక్కుతున్న కాళ్లు. ఫ్రేము, చక్రాలు, సీసాలు, తీగలు అన్నీ కలిసి మిగతా వంతు.

కొంచెం లెక్క వేద్దాం. గాలికి మనం ఎంత అడ్డమో ఒకే సంఖ్యలో చెప్పే పద్ధతి ఉంది. ఎదురుగా కనిపించే వైశాల్యాన్ని ఆకారానికి సంబంధించిన గుణకంతో హెచ్చిస్తే ఆ సంఖ్య వస్తుంది, దాన్ని చదరపు మీటర్లలో చెబుతారు. రోడ్ బైక్ మీద బ్రేకుల పైన చేతులు పెట్టుకుని కొంచెం వంగిన మనిషికి అది 0.32 అనుకుందాం. అదే మనిషి మోచేతులు ప్యాడ్ల మీద ఆనించి, తల దించి కుదురుకుంటే 0.26. గోవా తీరంలో 30 డిగ్రీల వేడిలో ఘనపు మీటరు గాలి బరువు సుమారు 1.16 కిలోలు. గంటకు 35 కిలోమీటర్ల వేగంలో మొదటి మనిషి గాలి కోసమే దాదాపు 170 వాట్లు పెట్టాలి. రెండో మనిషికి 140 చాలు. చదును దారి, గాలి వీచని రోజు అనుకుంటే, అదే కష్టంతో 90 కిలోమీటర్లలో తొమ్మిది నిమిషాలు కలిసొస్తాయి.

ఈ తొమ్మిది నిమిషాలూ ఎడమవైపు సైకిల్ మీద కూడా దొరుకుతాయి. కొన్ని వేల రూపాయల బార్లతో, ఓపికగా చేసిన అమరికతో దొరుకుతాయి. గాలిని తేలిగ్గా చీల్చే ఒక మంచి ఏరో ఫ్రేముకూ అంతకంటే ఖరీదైన ఫ్రేముకూ మధ్య తేడా కొద్ది వాట్లే.

చరిత్ర కూడా ఇదే చెబుతుంది. 1989 జూలై 23న ఫ్రాన్స్‌లో జరిగే పెద్ద సైకిల్ పోటీ టూర్ డి ఫ్రాన్స్ చివరి రోజు. వెర్సాయ్ నుంచి పారిస్‌కు 24.5 కిలోమీటర్లు ఒక్కొక్కరుగా గడియారంతో పోటీపడాలి. అమెరికాకు చెందిన గ్రెగ్ లెమాండ్ అప్పటికి ఫ్రాన్స్‌కు చెందిన లోరాన్ ఫిన్యోన్ కంటే 50 సెకన్లు వెనకబడి ఉన్నాడు. లెమాండ్ సైకిల్‌కు ముందుకు పొడుచుకొచ్చిన కొత్తరకం బార్లున్నాయి. అవి అతనికి అందింది ట్రయాథ్లాన్ వాళ్ల నుంచే. వాటిని రూపొందించిన బూన్ లెనన్ స్కీయింగ్ కోచ్. మంచు వాలు మీద జారేవాళ్లు చేతులు ముందుకు చేర్చి ముడుచుకునే భంగిమే దానికి మూలం. ఫిన్యోన్ అలాంటి పోటీలకు మామూలుగా వాడే హ్యాండిల్‌తోనే వచ్చాడు, తలకు హెల్మెట్ లేదు, వెనక కట్టిన జుట్టు గాలికి ఎగురుతోంది. మూడు వారాలు, 3,285 కిలోమీటర్లు సాగిన పోటీ ఎనిమిది సెకన్ల తేడాతో లెమాండ్‌కు దక్కింది.

నాలుగేళ్ల తర్వాత జరిగినది నాకు ఇంకా ఇష్టం. స్కాట్లాండ్‌కు చెందిన గ్రేమ్ ఒబ్రీ తన సైకిల్ తానే తయారుచేసుకున్నాడు. పెడళ్ల ఇరుసుకు పాత వాషింగ్ మెషీన్ బేరింగులు వాడాడు. చేతులను ఛాతీ కిందకు మడుచుకుని, ఇంచుమించు హ్యాండిల్ మీదే పడుకున్నట్టు తొక్కాడు. 1993 జూలై 17న నార్వేలోని హమార్‌లో గంటలో 51.596 కిలోమీటర్లు వెళ్లి ప్రపంచ రికార్డు బద్దలుకొట్టాడు. తర్వాత ఆ భంగిమనే నిషేధించారు. నిషేధించింది భంగిమను అన్నది గమనించండి.

నేనూ ఒకప్పుడు ఇది తెలియకుండానే కొన్నాను. నా మొదటి ట్రయాథ్లాన్ సైకిల్ మరొకరు వాడి అమ్మినది. ఫ్రేము మీద సైజు అంకె నా రోడ్ బైక్ అంకెతో సరిపోయింది, సీటు ఎత్తు కుదిరింది. ఇంకేం చూడాలో నాకు తోచలేదు, అమ్మినవారూ అడగలేదు. ముందుభాగం మాత్రం నాకు బాగా కిందకు, బాగా దూరంగా ఉంది. పోటీలో 30 కిలోమీటర్లు దాటేసరికి మెడ పట్టేసింది. తల ఎత్తలేక కళ్లు మాత్రమే పైకి తిప్పి దారి చూస్తున్నాను. పది నిమిషాలకోసారి బార్లు వదిలి లేచి కూర్చున్నాను. ఆ తర్వాత లేవడమే మిగిలింది. లక్షలు పెట్టి కొన్న ఆకారమంతా కింద ఉంది, నా ఛాతీ తెరచాపలాగా గాలిలో ఉంది. సైకిల్ దిగాక నడుము నిటారుగా నిలబడలేదు. పరుగులో మొదటి నాలుగు కిలోమీటర్లు తుంటి పట్టుకునే నడిచాను.

తర్వాత ఒక ఆదివారం ప్యాడ్ల కింద మూడు సెంటీమీటర్ల స్పేసర్లు, అంటే ఎత్తు పెంచే ముక్కలు పెట్టి, వాటిని రెండు సెంటీమీటర్లు నా వైపు జరిపాను. చూడటానికి సైకిల్ అందం కాస్త తగ్గింది. మూడు గంటలు కదలకుండా కూర్చోగలిగాను. ఆ పూట నా సగటు వేగం అంతకుముందెన్నడూ లేనంత పెరిగింది. చెప్పు ఇరుకని కాలు కోసుకోము కదా. సైకిల్ విషయంలో మాత్రం చాలామంది మెడనూ నడుమునూ దానికి తగ్గట్టు వంచుకుంటూనే ఉంటారు.

అందుకే కొనేముందు రెండు కొలతలు తెలియాలి. పెడళ్ల ఇరుసు మధ్యబిందువు నుంచి ఫ్రేము ముందు గొట్టం పైఅంచు ఎంత ఎత్తున ఉందో అది స్టాక్. అదే బిందువు నుంచి ఆ పైఅంచు అడ్డంగా ఎంత ముందుకు ఉందో అది రీచ్. సీటు కింద గొట్టం పొడవును బట్టి సైజు చెప్పే పాత అలవాటు ట్రయాథ్లాన్ సైకిల్‌కు పనికిరాదు. ఒక కంపెనీ 54 సైజు మరో కంపెనీ 54 సైజు కంటే మూడు సెంటీమీటర్లు పొట్టిగా ఉండవచ్చు. ఈ రెండు కొలతలను సైకిల్ లోకానికి అలవాటు చేసిన డాన్ ఎంప్‌ఫీల్డ్, ట్రయాథ్లాన్‌కు వేరే సైకిల్ కావాలని 1980ల చివర్లోనే గుర్తించి తయారుచేసిన వ్యక్తి కూడా.

ఆయన చేసిన ముఖ్యమైన మార్పు సీటు స్థానంలో ఉంది. రోడ్ బైక్‌లో సీటు గొట్టం దాదాపు 73 డిగ్రీల వాలుతో ఉంటుంది. ట్రయాథ్లాన్ సైకిల్‌లో 78 డిగ్రీలు, ఒక్కోసారి అంతకంటే నిటారు. ఎందుకో ఇప్పుడే చూడవచ్చు. ఎడమవైపు సైకిల్ మీద కూర్చుని మోచేతులు బాగా కిందకు దించి చూడండి, పెడల్ పైకొచ్చిన ప్రతిసారీ తొడ పొట్టకు తగులుతుంది. తుంటి దగ్గర కోణం మూసుకుపోతుంది, ఊపిరి అందదు. సీటును ముందుకు తెస్తే శరీరమంతా పెడళ్ల ఇరుసు చుట్టూ ముందుకు తిరిగినట్టవుతుంది. వీపు వాలుతుంది, తుంటి కోణం మాత్రం అలాగే తెరిచి ఉంటుంది. పరుగుకు దిగినప్పుడు కాళ్లు త్వరగా కుదురుకోవడానికి ఇది తోడ్పడుతుందని తొక్కేవారిలో చాలామంది చెబుతారు, నా అనుభవమూ అదే.

పొడవు కాళ్లు, పొట్టి నడుము ఉన్నవారికీ, కొంచెం పొట్ట ఉన్నవారికీ క్రాంకు, అంటే పెడల్‌ను ఇరుసుకు కలిపే చేయి, పొడవు తగ్గించడం గొప్ప మేలు చేస్తుంది. సాధారణంగా వచ్చే 172.5 మిల్లీమీటర్ల బదులు 165 వేస్తే పైకొచ్చే మోకాలు ఆ మేరకు తగ్గుతుంది. సీటును అంతే ఎత్తు పెంచుకుంటే మరింత చోటు దొరుకుతుంది. ముందుకు వాలి కూర్చున్నప్పుడు బరువు సున్నితమైన చోట పడుతుంది కాబట్టి ముక్కు చీలిన సీటు తప్పనిసరి అని నా నమ్మకం. తిమ్మిరిని ఓర్చుకోవడం పట్టుదల అనుకోకండి, ముఖ్యంగా మగవారు. అది శరీరం చేస్తున్న హెచ్చరిక.

ఇక కుడివైపు సైకిల్ ముందుభాగం దగ్గరకు వచ్చి చూడండి. బ్రేకు తీగ ఒక్కటీ బయటకు కనిపించదు. హ్యాండిల్, దాని మెడ, ఫ్రేము ఒకే ముద్దగా పోసినట్టుంటాయి. గాలికి ఇది మంచిదే. కానీ ప్యాడ్లు ఎంత పైకి, ఎంత వెనక్కి జరుగుతాయో దానికి కంపెనీ పెట్టిన హద్దు ఉంటుంది. మీ కొలత ఆ హద్దులో లేకపోతే ఆ సైకిల్ ఎంత గొప్పదైనా మీది కాదు. ఇంకో మాట. గోవాకు రైల్లోనో విమానంలోనో వెళ్లాలంటే దీన్ని విప్పి పెట్టెలో సర్దాలి, అక్కడ మళ్లీ బిగించాలి. మీ ఊళ్లో మెకానిక్ ఈ ముడి విప్పగలడా? మీరు విప్పగలరా? పోటీ ముందురోజు రాత్రి హోటల్ గదిలో ఈ ప్రశ్న ఎదురుకాకూడదు.

చక్రాల గురించి ఎక్కువ చెప్పను. లోతైన చక్రాలు, అంటే అంచు పట్టీ వెడల్పుగా లోపలికి దిగి ఉండేవి, నిజంగా సాయం చేస్తాయి, కానీ తీరం పక్క పక్కగాలిలో ముందు చక్రం చేతుల్ని గుంజుతుంది. తేలికపాటి శరీరం ఉన్నవారు ముందు తక్కువ లోతు, వెనక ఎక్కువ లోతు వాడటం మేలు. ఈ గాలుల వల్లే హవాయిలోని కోనాలో జరిగే ప్రపంచ పోటీలో వెనక చక్రం పూర్తిగా మూసి ఉండే డిస్కును చాలా ఏళ్లు రానివ్వలేదు. చక్రాలకు డబ్బు లేకపోతే బాధపడకండి. మంచి టైర్లు, వంటికి అతుక్కునే ముడతలు లేని సూటు, తలకు కుదిరిన ఏరో హెల్మెట్ కొనండి. మన రోడ్లకు 28 మిల్లీమీటర్ల టైరు పట్టే ఫ్రేము ఎంచుకోండి. పాత ఫ్రేములు కొన్నింట్లో 23 దాటితే పట్టదు.

ఒక విన్నపం. ఏరో బార్ల మీద ఉన్నప్పుడు చేతులు బ్రేకులకు దూరంగా ఉంటాయి. గుంపులో, కూడళ్లలో, స్పీడు బ్రేకర్ల దగ్గర, కుక్కలు తిరిగే చోట బార్లు వదిలి బ్రేకులు పట్టుకోండి. భంగిమ సాధన ఇంట్లో ట్రైనర్ మీద, అంటే సైకిల్‌ను కదలకుండా పట్టి ఉంచే స్టాండు మీద మొదలుపెట్టండి, ఇరవై నిమిషాలతో. హైదరాబాద్‌లో ఉన్నవారికి ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సైకిల్ దారి ఉంది. తెల్లవారుజామున, జనం రాకముందు, ఎదర స్పష్టంగా కనిపించే చోట కొంచెం కొంచెంగా అలవాటు చేసుకోండి.

ఇప్పుడు మాటలు చాలు. ఇక్కడ టేపు ఉంది, సుద్దముక్క ఉంది, రెండు సైకిళ్లనూ ట్రైనర్ల మీద బిగించాను. ముందు వరుస నుంచి ఒక్కొక్కరుగా రండి. ఎక్కి పది నిమిషాలు తొక్కండి. మీ మోచేయి ఎక్కడ హాయిగా ఆగుతుందో అక్కడ గుర్తు పెట్టి, ఇరుసు నుంచి ఎత్తూ దూరమూ కొలిచి చీటీ మీద రాసిస్తాను. ఆ చీటీ జేబులో పెట్టుకున్నాకే దుకాణానికి వెళ్లండి. మొదట ఎవరు వస్తారు?