చర్చావేదిక: బొమ్మ చూసి ఉక్కు కవచం చేయొచ్చా?

వ్యాఖ్యాత: 15వ శతాబ్దపు ఇటలీ చర్చి పటాల్లో సెయింట్లు, సైనికులు ఉక్కు కవచాల్లో కనిపిస్తారు. వాటిని చూసి మళ్లీ కవచం చేయొచ్చంటారా, మేడమ్?

కళాచరిత్ర అధ్యాపకురాలు: ముందు ఏ పటమో చూడాలండి. పియెరో దెల్లా ఫ్రాంచెస్కా వేసిన సెయింట్ మైఖేల్‌కి రోమన్ల తరహా కవచం ఉంటుంది. అది ఊహ. అదే పియెరో 1472 ప్రాంతంలో వేసిన పటంలో, ఇప్పుడది మిలాన్‌లోని బ్రెరా చిత్రశాలలో ఉంది, ఉర్బీనో పాలకుడు ఫెదెరిగో మేరీమాత ముందు మోకాళ్ల మీద ఉంటాడు. మెరిసే ఉక్కు మీద కిటికీ వెలుతురు కూడా కనిపిస్తుంది. శిరస్త్రాణం, ఉక్కు చేతి తొడుగులు నేల మీద విడిగా ఉంటాయి. నాకైతే అది ఎదురుగా పెట్టుకుని వేసినట్టే ఉంటుంది.

కవచాల తయారీదారు: బాగుంది గానీ మేడమ్, కనిపించేది ఎడమ పక్కే కదా!

అధ్యాపకురాలు: అవును, బల్లేల పోటీలో ఆయన కుడి కన్ను పోయింది. అందుకే దాదాపు ఎప్పుడూ ఎడమ వైపు నుంచే చిత్రించారు.

తయారీదారు: మాకు టెన్షన్ అక్కడే. ఇటలీ కవచం రెండు పక్కలా ఒకేలా ఉండదు. దెబ్బలు ఎక్కువ తగిలేది ఎడమకి కాబట్టి అటు భుజం, మోచేతి రేకులు పెద్దవి. కుడి భుజం రేకుని బల్లెం ఆనించడానికి వీలుగా కోస్తారు. ఎడమది చూసి కుడిది తిప్పి చేస్తే బల్లెమే పట్టుకోలేం. ఇక రేకు మందం, లోపలి తోలు పట్టీలు బొమ్మలో ఎక్కడ దొరుకుతాయి?

వ్యాఖ్యాత: మరి ఎలా?

తయారీదారు: మాంటువా దగ్గర గ్రాజియే చర్చిలో మొక్కుబడి బొమ్మలకు తొడిగిన కవచాలు దొరికాయి. రంగు పూసి ఉండటంతో చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు.

వ్యాఖ్యాత: నాటకాల అట్ట కిరీటాలనుకున్నారేమో!

తయారీదారు: దాదాపు అంతే! బ్రిటిష్ కవచాల పరిశోధకుడు జేమ్స్ మాన్ 1930లో వాటి గురించి రాశాకే అసలు ఉక్కని అందరికీ తెలిసింది. ఇప్పుడు మాంటువా మ్యూజియంలో ఉన్నాయి. కుడి పక్కకి, పట్టీలకి నాకు అవే ఆధారం. ఆకారం మాత్రం పటం నుంచి తీసుకుంటాను.

అధ్యాపకురాలు: అలా కలిపి చేసిందానికి ఫెదెరిగో కవచం అని బోర్డు పెట్టకండి.

తయారీదారు: పెట్టను మేడమ్. 'ఇటలీ తరహా, 1470 ప్రాంతం' అని రాస్తాను. కుడి చెయ్యి ఊహ అని కింద చిన్నక్షరాల్లో.

అధ్యాపకురాలు: పెద్దక్షరాల్లోనే రాయండి.